మూసిన పెట్టెలో నేమున్నది?

2015వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని జునిపర్ నెట్‌వర్క్స్ అను సంస్థ తన యంత్రములను కొనినవారి కొక ప్రకటన చేసెను. తన నెట్‌స్క్రీన్ యంత్రములను నడపు స్క్రీన్‌ఓయస్ అను ప్రోగ్రాములో అనధికారమైన వ్రాత కనబడినదనియు, లోపలి తనిఖీలో అది బయటపడినదనియు, సవరించిన ప్రోగ్రామును వెంటనే ఎక్కించుకొనవలసినదనియు ఆ ప్రకటన సారాంశము. తాళములు చేసి అమ్మినవాడే ఒకనాడు వచ్చి, ఆ తాళములకు తానెరుగని మారు తాళపుచెవి యొకటి ఎవరో చేసియుంచినారని చెప్పినట్లున్నది ఆ మాట. ఆ వ్రాతలో నొక భాగము 2012వ సంవత్సరమునుండియు నచ్చటనే యున్నది. మూడేండ్లకు పైగా కొనినవారికే కాదు, చేసినవారికి కూడ అది కనబడలేదు.

ఈ యంత్రములు చేయు పని యేమి? బయటి ప్రపంచమునుండి ఒక కార్యాలయమునకు వచ్చు సందేశములను పరీక్షించి లోనికి విడుచుట, రాగూడనివానిని వాకిటనే నిలుపుట, ఒక ఊరి కార్యాలయమునుండి మరియొక ఊరి కార్యాలయమునకు పోవు సమాచారమును త్రోవలో నెవ్వరును చదువజాలని రహస్యలిపిలోనికి మార్చుట. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు, పెద్ద వ్యాపారసంస్థలు వీనిని కొనును. కాపలాకై పెట్టుకొనిన భటునివంటి దీ యంత్రము. అట్టి భటుడే దొంగకు తలుపు తీయుచున్నచో నింటివానికి తెలియు మార్గమేది?

మార్గము లేకపోవుటకు కారణ మొకటి కలదు. ప్రోగ్రామును మనుష్యులు వ్రాయునది, చదువదగినది ఒక రూపము. దానినే సోర్సు కోడు అందురు. మూలప్రతి యనుకొనవచ్చును. యంత్రము గ్రహించునది వేరొక రూపము. అది అంకెల వరుస. ఓపికగల నిపుణుడు తప్ప ఇతరులు చదువజాలరు. జునిపర్ వంటి సంస్థలు ఈ యంత్రప్రతిని మాత్రమే పెట్టెలోనుంచి అమ్మును. మూలప్రతి సంస్థ బీరువాలో భద్రముగా నుండును. అందుచేత పెట్టెలో నేమున్నదని కొనువాడడిగినప్పుడు అతనికి లభించునది సంస్థ చెప్పు మాట. ఆ మాట నిజమో కాదో తేల్చుకొను సాధనము కాదు.

జునిపర్ యంత్రములలో బయటపడిన దోషములు రెండు. మొదటిది తెలిసికొనుట సులభము. ఒక నిర్ణీతమైన పాస్‌వర్డు ఇచ్చినవారికి యంత్రముపై సర్వాధికారములు లభించునట్లు ఎవరో ఏర్పాటు చేసిరి. ఆ పాస్‌వర్డు సామాన్యమైన పదము కాదు. ప్రోగ్రాము వ్రాయువారు తప్పులు పట్టుటకై తమ కొఱకు వ్రాసికొను శాతపు గుర్తులు, కుండలీకరణములతో గూడిన పంక్తివలె దానిని కల్పించిరి. చూచిన వారెవరైనను అది పనివారి గుర్తే యనుకొని దాటిపోదురు. సవరించిన ప్రతి వెలువడిన పిదప, పాత ప్రతిని క్రొత్త ప్రతిని ప్రక్కప్రక్కనుంచి చూచిన బయటి పరిశోధకులు కొలదికాలములోనే దానిని పట్టిరి.

రెండవ దోషము గణితమునకు సంబంధించినది. అసలు కథ దానిలోనే యున్నది. రహస్యలిపికి ప్రాణము ఇతరు లూహింపజాలని సంఖ్య. యంత్రము ప్రతిసారియు క్రొత్త సంఖ్యను పుట్టింపవలెను. నేటి సంఖ్యను చూచి రేపటి సంఖ్యను చెప్పగలవాడున్నచో రహస్య మంతయు గాలికి పోవును. ఇట్టి సంఖ్యలను పుట్టించుటకు అమెరికా జాతీయ గూఢచార సంస్థయగు ఎన్.ఎస్.ఎ. రూపొందించిన పద్ధతి యొకటి కలదు. డ్యూయల్ ఇ.సి. అని దాని పేరు. 2006లో అమెరికా ప్రమాణముల సంస్థ దానిని అంగీకృత పద్ధతులలో చేర్చెను. ఒక వక్రరేఖపై నున్న రెండు బిందువులు దానికి ఆధారము. ఆ రెండు బిందువులకు గల సంబంధమును తెలుపు సంఖ్య ఎవనికైన తెలిసినచో, యంత్రము వెలువరించిన కొన్ని అంకెలను చూచి అతడు తక్కినవన్నియు లెక్కకట్టగలడు. 2007లో మైక్రోసాఫ్టు సంస్థలో పనిచేయుచుండిన షుమో, ఫెర్గ్యూసన్ అను నిరువురు ఈ సంగతిని పండితసభలో బహిరంగముగా చూపిరి. బిందువులను ఎన్నుకొనినవాడు మారు తాళపుచెవిని దాచుకొనియుండవచ్చునని వారి వాదము. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన పత్రముల ఆధారముతో పత్రికలు ఆ యనుమానమును బలపరచినవి. మరుసటి సంవత్సరము ప్రమాణముల సంస్థ ఆ పద్ధతిని ప్రక్కకు పెట్టెను.

ఆ 2013లోనే, ఇట్టి పద్ధతి మీ యంత్రములలో నున్నదా యను ప్రశ్న జునిపర్ సంస్థకు కూడ ఎదురయ్యెను. సంస్థ దాచలేదు, ఉన్నదనియే చెప్పినది. కాని భయపడ నక్కరలేదనుటకు రెండు కారణములు చూపెను. ప్రమాణముల సంస్థ యిచ్చిన బిందువును తాము వాడుట లేదు, తమ బిందువును తామే తయారుచేసికొన్నారు, ఇది మొదటిది. డ్యూయల్ ఇ.సి. పుట్టించిన అంకెలు నేరుగా బయటికి పోవు, వానిని మరియొక పాత పద్ధతిలో పోసి, దానినుండి వచ్చిన ఫలితమునే వాడుచున్నారు, ఇది రెండవది. ఈ సమాధానము సాంకేతికముగా సమంజసముగా నున్నది. ఎక్కువమంది దానిని విని ఊరకుండిరి. ప్రశ్న అడిగిరి, జవాబు వచ్చినది, ఇంకేమి కావలెను?

2015 డిసెంబరు ప్రకటన వెలువడిన తరువాత పెక్కు విశ్వవిద్యాలయముల పరిశోధకులు కలిసి, మూలప్రతి లేకుండగనే, యంత్రప్రతులను విప్పి చదివిరి. స్టీఫెన్ చెకొవే మొదలగువారు 2016లో ప్రకటించిన పత్రములో ఆ వివరములున్నవి. వారు కనుగొన్నదేమనగా, రెండవ పద్ధతిలో పోయుట యను పని అసలు జరుగుటయే లేదు! ఆ పని చేయవలసిన లెక్కింపు సున్న మొదలుకొని ముప్పది రెండు వరకు సాగవలెను. కాని ఆ లెక్కకు వాడిన చలరాశిని, అంతకు ముందే పిలువబడిన మరియొక ప్రోగ్రాము భాగము ముప్పది రెండు చేసి వదలుచున్నది. లెక్క మొదలు పెట్టవలసిన చోటికి వచ్చుసరికి పని పూర్తియైనదని యంత్రము భావించి దాటిపోవును. అందుచేత డ్యూయల్ ఇ.సి. పుట్టించిన అంకెలే మడత నలగకుండ బయటికి పోయినవి. హాజరుపట్టీలో చివరి పేరుకు ముందే టిక్కు పెట్టియుండుట చూచి, ఉపాధ్యాయుడు అందరును వచ్చినారని పట్టీ మూసినట్లు.

అంతియే కాదు. రెండు యంత్రములు మాటలాడుట మొదలు పెట్టునప్పుడు రహస్యము చేయకయే పంపుకొను సంఖ్య యొకటి కలదు. 2008కి ముందు దాని పొడవు ఇరువది బైట్లు. డ్యూయల్ ఇ.సి.ని చేర్చిన ప్రతిలోనే అది ముప్పది రెండు బైట్లయ్యెను. గుట్టు తెలిసినవాడు లెక్కకట్టుటకు చాలిన పొడవది. ఇవన్నియు సిద్ధముగా నుండగా, 2012లో ఎవరో లోనికి చొరబడి ఆ బిందువును తీసివేసి తమ బిందువును పెట్టిరి. ఇల్లు కట్టినవారి దొడ్డిత్రోవ నట్లే ఉంచి, తాళము మాత్రము మార్చివేసిన దొంగ వంటివారు వారు. 2015 డిసెంబరులో సంస్థ చేసిన సవరణ యేమి? పాత బిందువును మరల పెట్టుట. దొడ్డిత్రోవను మూయుదుమని సంస్థ ప్రకటించుటకు 2016 జనవరి రావలసివచ్చినది.

ఇందులో సంస్థ దురుద్దేశమును వెదకుట సులభము. కాని అది అవసరము కూడ కాదు. 2013లో ఆ జవాబు వ్రాసినవారు నిజమే చెప్పుచున్నామని నమ్మియే వ్రాసియుండవచ్చును. వారి చేతిలోని నమూనా పత్రములలో రెండవ పద్ధతి యుండును. ప్రోగ్రాములో నదియున్నది కూడ. అది నడువదను సంగతి మాత్రమే వారికి తెలియదు. మూసిన పెట్టెలోని అసలు ప్రమాదమిదియే. కొనువానికి కనబడకుండుటకై వేసిన మూత క్రమముగా చేసినవాని కన్నులకు కూడ అడ్డము వచ్చును. తప్పు పట్టగల పరాయివాడు లేనిచోట తప్పును వెదకు అలవాటు తగ్గిపోవును. ఆ యంత్రములకు ప్రభుత్వ పరీక్షల యోగ్యతాపత్రములు కూడ నుండెనని మరువరాదు. పరీక్షకులు జాబితా ప్రకారము పరీక్షించిరి. జాబితాలో లేని ప్రశ్నను ఎవ్వరును అడుగలేదు. పరీక్షాపత్రములను దిద్దు అనుభవము కలవారికి ఈ పరిస్థితి అపరిచితము కాదు.

మూతను సమర్థించువారికి వాదములు లేకపోలేదు. అనేక సంవత్సరముల శ్రమతో, ధనముతో తయారైన ప్రోగ్రామును పోటీదారుల ముందు పరచుట యెట్లని వారు అడుగుదురు. ఈ వాదము న్యాయమైనది. వర్తకుని ఆస్తి వర్తకునిదే. కాని వెంటనే వారు మరియొక మాట చేర్చుదురు: మూలప్రతి దాగియున్నందున దొంగలకు కన్నములు కనబడవని. ఈ రెండవ మాట నిలువదు. 1883లోనే ఆగస్ట్ కెర్కాఫ్స్ అను పండితుడు ఫ్రెంచి సైనికపత్రికలో వ్రాసిన వ్యాసములో, రహస్యలిపి యంత్రాంగము శత్రువు చేతికి చిక్కినను ఇబ్బంది లేనట్లుండవలెననియు, రహస్యమంతయు తాళపుచెవిలోనే యుండవలెననియు సిద్ధాంతము చేసెను. నేటికిని ఆ శాస్త్రమునకు అదియే పునాది.

ఇక ఆచరణ సంగతి. 2013 అక్టోబరులో క్రెయిగ్ హెఫ్నర్ అను పరిశోధకుడు డి-లింక్ వారి యిండ్లలో వాడు చిన్న రౌటర్ల యంత్రప్రతిని విప్పి చదివెను. బ్రౌజరు తన పేరును ఒక నిర్ణీతమైన వింత అక్షరముల వరుసగా చెప్పుకొనినచో ఆ రౌటరు పాస్‌వర్డు అడుగకయే లోనికి రానిచ్చుచున్నదని ఆయనకు తెలిసినది. ఆ అక్షరములలో ఎక్కువ భాగమును వెనుకనుండి చదివిన ‘ఎడిట్ బై 04882 జోయెల్ బ్యాక్‌డోర్’ అని వచ్చును. దొడ్డిత్రోవ తీసినవాడు త్రోవకు పేరు కూడ పెట్టియుంచెను! సంస్థ తరువాత దానిని సవరించినది. మూలప్రతి దాగియుండుట హెఫ్నరును ఆపలేదు. దొంగను మాత్ర మేల ఆపును? ఆగినవాడు సామాన్యుడైన కొనుగోలుదారుడు మాత్రమే.

అట్లని మూలప్రతిని ప్రపంచమునకు పరచినంతనే రామరాజ్యము వచ్చునని చెప్పుట కూడ అమాయకత్వము. ప్రపంచమందలి వెబ్‌సైట్లలో ఎన్నియో ఆధారపడిన ఓపెన్‌యస్‌యస్‌ఎల్ అను ప్రోగ్రాము అందరికిని బహిరంగమే. అందు చేరిన ‘హార్ట్‌బ్లీడ్’ అను దోషము 2012 మార్చిలో విడుదలైన ప్రతితో లోకమంతట వ్యాపించి, 2014 ఏప్రిలు వరకు వెల్లడి కాలేదు. ఎవరైన చదువవచ్చును గనుక ఎవరో చదివియుందురని ప్రతివాడును అనుకొనెను. 2024లో మరియొక సంగతి జరిగినది. ఎక్స్‌జెడ్ అను బహిరంగ ప్రోగ్రాములో, నమ్మకము సంపాదించుకొని నిర్వాహకుడుగా చేరిన ఒక వ్యక్తి దొడ్డిత్రోవ నమర్చెను. దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు సెకనులో సగము ఆలస్యమగుచున్నదేల యని శంకించిన ఆంద్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు మార్చి 29వ తేదీన దానిని బయటపెట్టెను. దోషముగల ప్రతి వెలువడి అప్పటికి సుమారు అయిదు వారములు.

ఈ అయిదు వారములకును జునిపర్ మూడేండ్లకును గల తారతమ్యమును కేవలము అదృష్టముగా త్రోసివేయరాదు. ఫ్రాయిండ్ కు అనుమానము వచ్చినది. అనుమానము వచ్చినవాడు, ఎవరి అనుమతియు కోరక, అంతుచూడగలిగెను. బహిరంగత అందరిచేతను చదివింపదు. చదువగోరినవానికి అడ్డు తొలగించును, అంతియే. ఆ యంతియే చాల గొప్పది.

ఈ రెండు పద్ధతులకును మధ్య నొక త్రోవ లేదా? బ్రిటను ప్రభుత్వము ప్రయత్నించి చూచెను. ఆ ప్రయత్నపు కథ మిక్కిలి బోధకమైనది. చైనా సంస్థయగు హువావే తయారుచేసిన టెలిఫోను యంత్రములు బ్రిటనులో విరివిగా వాడుకలోనికి వచ్చినప్పుడు, 2010లో ఆక్స్‌ఫర్డ్‌షైరులోని బాన్‌బరి పట్టణమున నొక పరిశీలనకేంద్రము వెలసెను. ఖర్చు హువావే వారిది. పరిశీలకులు ఆ సంస్థ జీతగాండ్రే అయినను బ్రిటను ప్రభుత్వము విచారించి ఆమోదించినవారు. మూలప్రతిని వారు చదువవచ్చును, బయటికి తీసికొనిపోరాదు. 2014లో వారిపై నొక పర్యవేక్షకమండలి కూడ ఏర్పడెను. వర్తకుని రహస్యము వర్తకునికి, కొనువాని నిశ్చింత కొనువానికి దక్కు ఏర్పాటిది.

కొంత చదివిన తరువాత పరిశీలకులకొక చిక్కు ఎదురయ్యెను. తాము చదివిన మూలప్రతినుండియే, దేశమందలి స్తంభములపై నడచుచున్న యంత్రప్రతి పుట్టినదని నిర్ధారణ యేమి? మూలప్రతిని తామే యంత్రప్రతిగా మార్చి చూడగా రెండును అక్షరాక్షరము సరిపోవలెను. సరిపోలేదు. అందుకు మోసమే కారణమని చెప్పుటకు లేదు. తయారీపద్ధతి చిందరవందరగా నున్నచో ఒకే మూలమునుండి రెండుమార్లు ఒకే ప్రతి పుట్టదు. కాని నిర్ధారణ లేనిచో చదివిన చదువంతయు వ్యర్థమే గదా! తెలుగు కావ్యముల పరిష్కరణ సంగతి తెలిసినవారికి ఈ బాధ తెలియును. సి.పి. బ్రౌను ఒక్క తాళపత్రప్రతిని నమ్మక, ఊరూర ప్రతులు తెప్పించి, పండితులచేత పాఠములు సరిచూపించెను. ఏ ప్రతి యే మూలమునకు పుట్టినదో తేలనిదే పాఠము స్థిరపడదు. డెబియన్ వంటి బహిరంగ ప్రోగ్రాముల సమాజములు నేడు ఆ పనినే చేయుచున్నవి. ఒకే మూలమునుండి వేర్వేరు చోట్ల వేర్వేరు మనుష్యులు యంత్రప్రతి తీసినను అంకెకు అంకె సరిపోవునట్లు తయారీని దిద్దుకొనుచున్నవి.

బాన్‌బరి పర్యవేక్షకుల 2019 మార్చి నివేదికలో మరికొన్ని సంగతులున్నవి. సెల్‌ఫోను స్తంభమునందలి ఒక ప్రోగ్రాములో, పైని చెప్పిన ఓపెన్‌యస్‌యస్‌ఎల్ యొక్క పూర్తి ప్రతులు డెబ్బది, అవియు నాలుగు వేర్వేరు కాలములకు చెందినవి, కనబడినవి. ఒక ప్రతిలో దోషమును సవరించినచో తక్కిన అరువదితొమ్మిదింటి గతి యేమి? ఇది చైనా ప్రభుత్వపు కుట్ర యని తాము భావించుట లేదనియు, పనితనపు లోపమనియు బ్రిటను అధికారులు స్పష్టముగా చెప్పిరి. గూఢచారిని వెదకబోయినవారికి అలసత్వము దొరకినది. ఇంత వివరముగా నొక సంస్థ లోపములు ప్రపంచమునకు తెలియుట ఆ సంస్థ పెట్టె తెరచుటవలననే గదా! పెట్టె తెరువని సంస్థల లోపట ఎన్ని డెబ్బదులున్నవో లెక్కపెట్టినవాడు లేడు. 2020 జూలైలో 5జి మార్గములనుండి హువావే యంత్రములను 2027 ముగియులోపల తొలగింపవలెనని బ్రిటను నిర్ణయించినప్పుడు, చూపిన ప్రధానకారణము ఈ లోపములు కావు. అమెరికా విధించిన చిప్పుల ఆంక్షలు. పరిశీలన ఒకటి, రాజకీయము వేరొకటి.

పెట్టెను ఎవరికి తెరచి చూపవలెనను ప్రశ్న కూడ చిన్నది కాదు. రష్యా ప్రభుత్వము కోరగా పాశ్చాత్యసంస్థలు కొన్ని తమ మూలప్రతులను అచ్చటి పరిశీలకులకు చూపుచున్నవని 2017లో రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించెను. సిమాంటెక్ సంస్థ అట్టి పరిశీలనకు ఇకమీదట సమ్మతింపనని చెప్పెను. ఒక్క ప్రభుత్వమునకు చాటుగా చూపినచో కన్నము తెలిసిన ఆ ప్రభుత్వము దానిని పూడ్పించునో, తన కొఱకు దాచుకొనునో యెవరు చెప్పగలరు? చాటున చూపుట పారదర్శకత కాదు. రహస్యములో మరియొక వాటాదారుని చేర్చుట.

భారతదేశమున ఈ విషయమై రెండు ఏర్పాట్లు జరిగినవి. టెలిఫోను సంస్థలు విశ్వసనీయమని ప్రభుత్వము గుర్తించిన మూలములనుండియే క్రొత్త యంత్రములు కొనవలెనను ఆదేశము 2021 జూన్ 15 నుండి అమలులోనికి వచ్చెను. ఇది అమ్మువాడెవడని అడుగు పద్ధతి. జునిపర్ ఎవరి దృష్టిలోను అవిశ్వసనీయసంస్థ కాదని గుర్తుంచుకొనిన, ఆ ప్రశ్న యెంతవరకు పోగలదో తెలియును. 2025 ఏప్రిలు నుండి, ఇంటర్నెట్టునకు తగిలించు నిఘాకెమెరాలను ప్రభుత్వ ప్రయోగశాలలలో సోర్సు కోడుతో సహా పరీక్షింపజేసిన పిదపనే విక్రయింపవలెనను నియమము వచ్చినది. ఇది పెట్టెలో నేమున్నదని అడుగుట. జాప్యమగునని తయారీదారులు మొరపెట్టుకొనిరి; కాదనలేము. కాని ఈ నియమము క్రింద పరీక్షించిన దేమిటో, తేలిన దేమిటో బాన్‌బరి నివేదికలవలె ప్రతియేటను అచ్చొత్తి ప్రజల ముందుంచినప్పుడే దానికి సంపూర్ణఫలము. తెలుగునాట పాఠశాలలలో ఉపాధ్యాయుల హాజరు సైతము ఫోనులో ముఖచిత్రముచే నమోదగుచున్నది. విద్యార్థుల వివరములు ప్రధానోపాధ్యాయుని గది మూల నున్న చిన్న పెట్టె గుండ పోవుచున్నవి. ఆ పెట్టెను కొనునప్పుడు టెండరు పత్రములో ధర, వేగము, పూచీ కాలము అడుగుదురు. ఎంతకాలము సవరణలు పంపుదురు, దోషము బయటపడిన ఎన్ని దినములలో తెలుపుదురు, మూలప్రతిని స్వతంత్రుడైన పరీక్షకునికి చూపుదురా అను మూడు ప్రశ్నలు చేర్చుటకు పట్టు స్థలము నాలుగు పంక్తులు.

జునిపర్ కథకు ఇంకను కొంత మిగిలియున్నది. 2020 జూన్‌లో రాన్ వైడెన్ మొదలగు అమెరికా శాసనసభ్యులు ఆ సంస్థకు లేఖ వ్రాసి, అయిదేండ్ల నాటి విచారణలో నేమి తేలినదని అడిగిరి. జూలైలో సంస్థ ఇచ్చిన జవాబులో, ఎన్.ఎస్.ఎ. రూపొందించిన ఆ పద్ధతిని పేరు చెప్పని వేరొక దేశప్రభుత్వము తన పనికి మలచుకొన్నదని యున్నట్లు ఆ అక్టోబరులో రాయిటర్స్ ప్రకటించెను. ఆ వార్తలోనే మరియొక విషయము కలదు. ఈ యుదంతమునుండి నేర్చుకొనవలసిన పాఠములపై నివేదిక యొకటి తాము తయారుచేసితిమని ఎన్.ఎస్.ఎ. అధికారులు 2018లో వైడెన్ కార్యాలయమునకు చెప్పియుండిరి. ఆ నివేదికను చూపుడని అడుగగా, అది కనబడుట లేదని బదులు వచ్చినది.